సురవరము ప్రతాపరెడ్డి

ఓరుగల్లు ఒకప్పుడు కాకతీయుల రాజధాని. గణపతిదేవుడును, రుద్రమదేవియు ఏలిన ఆ సీమలో చెరువు త్రవ్వించుటయు, రైతును కాపాడుటయు రాజధర్మములుగా నెన్నబడెను. కాలము మారెను. ఇరువదవ శతాబ్దారంభమున ఆ పట్టణము నిజాము రాజ్యమునందలి నాలుగు సుబాలలో నొకదానికి ముఖ్యస్థానమై యుండెను. సుబాకు సుబేదారు, జిల్లాకు తాలూకుదారు, తాలూకాకు తహసీలుదారు, వారిక్రింద గిర్దావరు, గ్రామమున మాలిపటేలు, పోలీసుపటేలు, పట్వారి ఉండెడివారు. మెట్లు అనేకములు. అన్నిటికిని అడుగున నున్నవాడు రైతు. ఆ మెట్లన్నిటి బరువును వాని వీపుపైననే పడుచుండెను.

శిస్తు వసూలు చేయువాడు మాలిపటేలు. లెక్కలు వ్రాయువాడు పట్వారి. నేరములను విచారించువాడు పోలీసుపటేలు. శిస్తు కట్టిన రైతుకు రసీదు దొరకునో దొరకదో! దొరికినను అందేమి వ్రాయబడెనో చదువుకొను శక్తి వానికి లేదు. కచేరీలలోని వ్యవహారమంతయు ఉర్దూభాషలో జరుగుచుండుటచే తెలుగు రైతుకు తన పొలమునుగూర్చిన కాగితము సైతము పరాయిదిగనే యుండెను. పట్వారి కలము ఒక్క గీత గీచిన యెడల ఒకని పట్టా మరియొకనిది కావచ్చును. ఆ గీత గీయింపకుండుటకును, గీయించుటకును సొమ్ము కావలెను. ఆ సొమ్మునకు ప్రజలు మామూలు అని పేరు పెట్టుకొనిరి. అన్యాయము నిత్యమైనచో దానికి మామూలు అను పేరు వచ్చుటలో వింత లేదు కదా!

అధికారి దౌరాకు వచ్చినచో గ్రామమునకు పండుగ కాదు, దండుగ. కోళ్లు, నెయ్యి, పాలు, కట్టెలు, గడ్డి ఊరివారే సమకూర్పవలెను. మూటలు మోయుటకు బేగరులు ముందు నడువవలెను. కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి తమతమ పనులు మానుకొని కూలి లేకుండ సేవలు చేయవలెను. దీనినే వెట్టి యందురు. వెట్టిని అరికట్టు ఉత్తరువులను ప్రభుత్వమువారు జారీచేయకపోలేదు. కాని వానిని అమలుపరుపవలసినవారే వెట్టిచేత లాభపడువారు. కంచెయే చేను మేసినచో ఇక కాపాడువారెవ్వరు?

పై అధికారితో మొర పెట్టుకొనవచ్చును గదా యని మీ రడుగవచ్చును. పెట్టుకొనవచ్చును. కాని ఆ అర్జీ విచారణకై మరల ఏ చేతికి వచ్చును? ఎవనిపై ఫిర్యాదు చేయబడెనో వాని చేతికే, లేక వానితోడి యుద్యోగి చేతికే వచ్చును. అర్జీదారు పేరు బయటపడిన మరునాడు వాని పొలమునకు నీరు ఆగవచ్చును. వాని పశువులు బందెలదొడ్డిలో పడవచ్చును. వానిపై దొంగతనము మోపబడవచ్చును. అందుచేత నిజము తెలిసినవా డెల్ల నోరు మూసికొని యుండెను. నోరు విప్పినవాని పేరు బయలుపడకుండ, వాడు చెప్పిన మాట మాత్రము పదిమందికి వినబడునట్టి యుపాయమొకటి కావలసి వచ్చెను. ఆ యుపాయమే పత్రిక.

ఓరుగల్లు ప్రాంతమున ఆ దీపమును మొట్టమొదట వెలిగించినవారు ఇనుగుర్తి గ్రామమునకు చెందిన ఒద్దిరాజు సోదరులు. సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను ఆ యన్నదమ్ములు 1922లో తెనుగు పత్రిక యను పేర వారపత్రిక నొకదానిని తమ పల్లెనుండియే ప్రకటింప నారంభించిరి. వ్రాయుట వారే, అక్షరములు కూర్చుట వారే, అచ్చొత్తుట వారే. ఆ సంవత్సరమే నల్లగొండనుండి నీలగిరి పత్రికయు వెలువడెను. కాని ఆ రెండును కొలది యేండ్లకే ఆగిపోయెను. తెలంగాణమంతటికి ఒక్క గొంతుకగా నిలువగల పత్రిక యొకటి కావలెనను కోరిక పెద్దలలో బలపడెను. ఆ కోరికను తీర్చిన మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డి.

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే నెల 28వ తేదీన ఇటిక్యాలపాడు గ్రామమున జన్మించిరి. వారి స్వగ్రామము బోరవెల్లి. ఈ యూళ్లు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో నున్నవి. తండ్రి నారాయణరెడ్డి, తల్లి రంగమ్మ. కర్నూలులో పినతండ్రి యొద్ద నుండి చదువుకొనుచు బాల్యముననే సంస్కృతాంధ్ర కావ్యములయందు అభిరుచి నలవరచుకొనిరి. మదరాసులో బి.ఏ. పట్టమును, తిరువనంతపురమున న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఆంగ్లము వారికి వశములై యుండెను. న్యాయవాదవృత్తిలో ధనార్జన చేసికొని సుఖముగా నుండదగిన యవకాశము వారికి కలదు. కాని కచేరీలో ఒక్కొక్క కక్షిదారు పక్షమున వాదించుటకంటె, నోరులేని జనసామాన్యము పక్షమున వాదించుటయే వారి మనస్సునకు నచ్చెను.

హైదరాబాదులోని రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు వారు కొంతకాలము నిర్వాహకులుగా పనిచేసిరి. పల్లెలనుండి వచ్చిన బాలుర నడుమ మెలగుటచే పల్లెల కష్టములు వారికి ప్రత్యక్షముగా తెలియుచుండెను. ఆనాడు హైదరాబాదు నగరమునకు కొత్వాలుగా నుండిన రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారు విద్యాభిమాని. వారి ప్రోత్సాహముతోను, మఱికొందఱు పెద్దల సహాయముతోను 1926వ సంవత్సరము మే నెల 10వ తేదీన గోలకొండ పత్రిక పుట్టెను. దానికి ప్రతాపరెడ్డిగారు సంపాదకులైరి. పత్రిక వారమునకు రెండు మారులు వెలువడుచుండెను. సంపాదకీయము మొదలు సాహిత్యవిమర్శ వరకు అనేక శీర్షికలకు వారి కలమే ఆధారమయ్యెను.

గోలకొండ పత్రిక రాజధానిలోని విందులను, దర్బారులను వర్ణించి తృప్తిపడలేదు. ఏ తాలూకాలో వెట్టి పెచ్చుపెరిగెను? ఏ గ్రామమున పటేలు పట్వారీలు రైతును పీడించుచున్నారు? బడి యెక్కడ మూతపడెను? ఇట్టి సంగతులు దానియందు చోటుచేసికొనెను. పత్రిక టపాలో పల్లెకు చేరగా చదువు వచ్చినవా డొకడు రచ్చకట్టపై బిగ్గరగా చదువువాడు, తక్కినవారు వినువారు. హనుమకొండలో 1904లోనే స్థాపింపబడిన రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వంటి గ్రంథాలయములు పత్రికాపఠనమునకు నిలయములై యుండెను. పదుగురి కన్నులు పడని చోటనే లంచము వర్ధిల్లును. తన పేరు అచ్చులోనికి ఎక్కునేమో యను శంక పుట్టిన యుద్యోగి చేయి ఒక్క క్షణమైనను వెనుకాడును. ఆ ఒక్క క్షణమే ఆనాటి రైతుకు పెద్ద మేలు.

ఇచట మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. అజ్ఞాతముగా వచ్చిన వార్త కత్తివంటిది. అది అన్యాయమును ఖండింపగలదు, నిరపరాధిని గాయపరుపనుగలదు. ఊళ్లలో కక్షలుండును. పగవానిపై నిందమోపుటకు పేరులేని లేఖ సులభమైన సాధనము. కనుక చీకటినుండి వచ్చిన మాటను వెలుగునకు తెచ్చునట్టి సంపాదకుడు మొదట దాని నిజమును తూచవలెను. తూచి ప్రకటించిన పిమ్మట ఆ వార్తకు ఉత్తరవాది తానే. వ్రాసినవాని పేరు పత్రికలో నుండదు; సంపాదకుని పేరు మాత్రము ఉండును. ప్రభుత్వము కన్నెఱ్ఱచేసినచో ముందుగా నిలువవలసినవాడు అతడే. పలువురు అనామకులు నిర్భయముగా నుండుటకై ఒక్కడు తన పేరును పణముగా పెట్టవలెను. సంపాదకత్వమనగా ఇంత బరువైన బాధ్యత. ప్రతాపరెడ్డిగా రట్టి బరువును రెండు దశాబ్దములకు పైగా మోసిరి.

పత్రికపై తమ పేరును ప్రకటించుకొనిన ప్రతాపరెడ్డిగారే కొన్ని రచనలకు మాత్రము మారుపేర్లు పెట్టుకొనుచుండిరి. చిత్రగుప్త, విశ్వామిత్ర, భావకవి రామమూర్తి, జంగము బసవయ్య మున్నగు పేర్లతో వారు వ్యాసములు, హాస్యరచనలు ప్రకటించిరి. ఈ పేర్లలో చిత్రగుప్తుని పేరు మిక్కిలి సార్థకము. యమధర్మరాజు కొలువులో ప్రతి ప్రాణియొక్క పుణ్యపాపములను వ్రాసి పెట్టువాడు చిత్రగుప్తుడు. ఆయన చేతిలో దండము లేదు, పాశము లేదు. ఉన్నది చిట్టా మాత్రమే. శిక్షించుట ఆయన పని కాదు. మరచిపోకుండ వ్రాసి యుంచుట ఆయన పని. గ్రామాధికారి తన తప్పును ఎవ్వరును చూడలేదనుకొనును. కాని ఎచ్చటనో ఒక చిత్రగుప్తుడు వ్రాయుచునే యుండును. ఆ భయమే పత్రికకు బలము.

ప్రతాపరెడ్డిగారు సూటిగా చెప్పుటకు వీలులేని సంగతులను కథలలో చెప్పిరి. వారి మొగలాయి కథలు ప్రసిద్ధములు. ఆనాడు బ్రిటిషాంధ్రులు నిజాము రాజ్యమును మొగలాయి యని వ్యవహరించుచుండిరి. ఆ కథలలో గ్యారా కద్దూ బారా కొత్వాల్ అను కథ యొకటి. ఆ ఉర్దూ మాటలకు పదునొకండు గుమ్మడికాయలు, పన్నెండుగురు కొత్వాలులు అని యర్థము. పల్లెటూరివా డొకడు గుమ్మడికాయలు అమ్ముకొనుటకు పట్టణమునకు వచ్చును. ఎదురుపడిన ప్రతి యధికారియు పన్ను పేర ఒక్కొక్క కాయను తీసికొనుచుండును. కాయలు తరిగిపోవును గాని కొత్వాలులు తరుగరు. లంచగొండి పాలనను వర్ణించుటకు ఇంతకంటె గొప్ప లెక్క కావలయునా? కథ చదివినవాడు పకపక నవ్వును. నవ్వి, తన గంపలో ఎన్ని కాయలు మిగిలినవో చూచుకొనును. కథలోని యధికారి ఏ యూరివాడో చెప్పలేదు. కనుకనే ప్రతి యూరివాడును వానిని గుర్తుపట్టెను.

కొత్వాలులను ఇట్లు పరిహసించిన యీ రచయితయే కొత్వాలు వెంకటరామారెడ్డిగారి జీవితచరిత్రమును గౌరవముతో వ్రాసెను. ఇందు విరోధము లేదు. ప్రతాపరెడ్డిగారు పదవిని ద్వేషింపలేదు. పదవి నడ్డుపెట్టుకొని చేయు దోపిడిని ద్వేషించిరి. మంచి యధికారిని మెచ్చుకొనగలవాని విమర్శకే చెడ్డ యధికారి నిజముగా భయపడును.

ఇట్టి పత్రికను ప్రభుత్వము ఉపేక్షింపలేదు. ఆ రాజ్యమున పత్రిక పెట్టుటకు అనుమతి కావలెను. సభ జరుపుటకు అనుమతి కావలెను. గోలకొండ పత్రికపై అనేక నిబంధనలు విధింపబడెను. కడకు సంపాదకీయములను ముందుగా ప్రభుత్వమునకు చూపి, అనుమతి పొందిన పిమ్మటనే ప్రకటింపవలెనను కట్టడి వచ్చెను. ప్రతాపరెడ్డిగారు లొంగలేదు, కలహమునకును దిగలేదు. సంపాదకీయము వ్రాయుట మానివేసి, ఆ చోట లోకమునందలి మహామేధావుల సూక్తులను ప్రకటింపసాగిరి. ఆ సూక్తులు ఏ యధికారిని పేరుపెట్టి నిందింపలేదు. ఏ శాసనమును ధిక్కరింపలేదు. అయినను, సంపాదకీయ మెందుకు లేదో పాఠకులు గ్రహించిరి. ఏ సూక్తి ఎవరికి తగులునో కూడ గ్రహించిరి. నోరు కట్టివేయబడినవాడు పెద్దల మాటలచేత మాటలాడెను. మౌనము సైతము వార్త కాగలదని ఆ నాళ్లలో గోలకొండ పత్రిక నిరూపించెను.

ప్రతాపరెడ్డిగారు అపాయములోనున్నవారి పేర్లను దాచుట యెఱిగినట్లే, మఱుగున పడినవారి పేర్లను వెలికితీయుటయు నెఱిగినవారు. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, వారు వాదమునకు దిగక, ఊరూరినుండి పద్యములను, కవుల వివరములను తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కనబడిరి. నిందకు గ్రంథమే సమాధానమయ్యెను. అధికారుల యక్రమములనుగూర్చి వ్రాయునప్పుడును, కవులనుగూర్చి వ్రాయునప్పుడును వారి పద్ధతి యొక్కటే: ఆవేశముతో కేకలు వేయుట గాక, ఆధారములను సమకూర్చి ప్రజల ముందుంచుట.

1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులైరి. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు మున్నగు పెద్దలతో కలసి విద్యావ్యాప్తికిని, వెట్టి నిర్మూలనమునకును కృషిచేసిరి. 1943లో ఖమ్మమునందు జరిగిన గ్రంథాలయ మహాసభకు వారే అధ్యక్షత వహించిరి. ఖమ్మము ఆనాడు ఓరుగల్లు జిల్లాలోనిదే. 1944లో ఆంధ్రసారస్వత పరిషత్తునకు అధ్యక్షులుగా నుండిరి. ఆ పరిషత్తు సభలకై ఓరుగల్లు కోటలో పందిరి వేయగా, గిట్టనివారు దానిని తగులబెట్టిరి. పందిరి కాలెను గాని సభ ఆగలేదు. కవులు తమ పద్యములను చదువనే చదివిరి.

అక్షరమును ఆయుధముగా గ్రహించినవారికి ఆ దినములలో ప్రాణాపాయము సైతము కలదు. ఓరుగల్లు జిల్లా మానుకోట ప్రాంతమున జన్మించిన షోయబుల్లాఖాన్ ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడై, రజాకార్ల దురాగతములను బాహాటముగా ఖండించెను. 1948 ఆగస్టులో ఒక రాత్రి, కార్యాలయమునుండి ఇంటికి వచ్చుచుండగా అతనిని రజాకార్లు దారుణముగా చంపిరి. అప్పటికి అతడు ముప్పదియేండ్లైనను నిండని యువకుడు. పేరు చెప్పి నిజమును పలికినవానికి లభించిన ఫలమిది. ఇది చూచినప్పుడు, పేరు దాచుకొని నిజమును తెలిపినవారిని పిరికివారని నిందించుట తగదని మనకు బోధపడును. వారు దాచినది పేరును మాత్రమే, నిజమును దాచలేదు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1949లో ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. రాజుల జయాపజయములు కాక, సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారములు, వృత్తులు ఆ గ్రంథమునందు చరిత్రకు విషయములైనవి. అజ్ఞాతులైన రైతుల గోడును పత్రికలో వినిపించిన సంపాదకుడు, పేరులేని జనసామాన్యమునకు చరిత్రలో స్థానము కల్పించుట సహజమే గదా! 1951లో వారు ప్రజావాణి యను పత్రికను స్థాపించిరి. 1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో వనపర్తినుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైరి. 1953వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన దివంగతులైరి. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారములు ప్రారంభమైన 1955లో తెలుగున తొలి పురస్కారము వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకే లభించెను. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేడు. 2025లో తెలంగాణ రాష్ట్రము హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టి గౌరవించెను.

విద్యార్థులారా! లంచము పుచ్చుకొనువాడు చీకటిని కోరును. ఇచ్చువాడు భయమును దాచును. ఈ రెండింటికిని మందు వెలుగే. ఒక్కొక్కప్పుడు దీపమును పట్టుకొనిన చేయి ఎవరిదో తెలియకపోవచ్చును. దీపము చూపునది నిజమైనచో చేయి కనబడలేదని వెలుగును కాదనరాదు. కాని పేరు దాచుకొని పలుకువానికి సత్యనిష్ఠ రెట్టింపు ఉండవలెను. అతని మాటను లోకమునకు తెలుపువానికి ధైర్యము రెట్టింపు ఉండవలెను. ఆ సత్యనిష్ఠయు, ఆ ధైర్యమును ప్రతాపరెడ్డిగారియందు ఏకమై యుండెను. మారుపేర్ల చాటున వ్రాసిన ఆ కలము ఎవరిదో నేడు తెలుగువారందఱికిని తెలియును. ఆనాడు అధికారమదముతో విఱ్ఱవీగిన యుద్యోగుల పేర్లు మాత్రము ఎవ్వరికిని జ్ఞాపకము లేవు.